గజ్జె కట్టినవాడు ఓటడిగితే నవ్వెందుకు?

2022 అక్టోబరులో ఒక వార్త వచ్చింది. మునుగోడు ఉప ఎన్నికలో కె.ఏ. పాల్ నడిపే ప్రజాశాంతి పార్టీ తరపున గద్దర్ పోటీ చేస్తాడని. ఆ రోజు నర్సీపట్నం అబీద్ సెంటర్లో టీకొట్టు దగ్గర పేపరు తిరగేస్తున్నవాళ్లు నవ్వుకోవడం మేము చూశాం. "సరిపోయారు, ఇద్దరూ ఇద్దరే" అన్నాడొకాయన. "ఇంకేటి, మునుగోడు జనానికి టిక్కెట్టు లేని సినిమా" అన్నాడింకొకాయన. మాలో కొందరం కూడా నవ్వాం. ఇంటికెళ్లాక ఆ నవ్వు మమ్మల్ని వదల్లేదు. పాల్ సంగతి అలా ఉంచితే, గద్దర్‌ని చూసి మనమెందుకు నవ్వాం? యాభై ఏళ్లు జనం మధ్య ఆడి పాడినవాడు, అదే జనాన్ని ఓటడగడంలో అంత నవ్వొచ్చే సంగతి ఏముంది? ఈ ప్రశ్నను దళిత దృక్పథం నుంచి చర్చించాల్సిన అవసరం ఉందని మేము భావిస్తున్నాం.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టాడు. బుర్రకథలతో మొదలుపెట్టి జననాట్యమండలి గొంతు అయ్యాడు. కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని నరికి చంపినప్పుడు దాని మీద పాట కట్టాడు. ఆ ఏడే అజ్ఞాతంలోకి వెళ్లి 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చాడు. అప్పుడు హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకి వచ్చిన జనం అంతకు ముందు ఏ పాటగాడికీ వచ్చినట్టు మేము వినలేదు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే అతని మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. దానితోనే ఇంకో ఇరవై ఆరేళ్లు ఎగిరి ఆడాడు.

ఇతన్ని 'విచిత్రమైన మనిషి' అన్నవాళ్లు చాలామంది. ఒంటి మీద చొక్కా లేదు, భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర. పాట మధ్యలో ఏడుస్తాడు, అంతలోనే నవ్విస్తాడు, మాటలో మాటగా దరువేస్తాడు. చదువుకున్న విమర్శకులు దీన్ని 'ప్రదర్శన మోజు' అన్నారు. మేము అడిగేదేమంటే, ఒగ్గుకథ చెప్పేవాడు ఏం చేస్తాడు? మా ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్లు ఏం చేస్తారు? పేటలో చావుకీ జాతరకీ డప్పు కొట్టేవాడు ఊరికే నిలబడి కొడతాడా? ఒళ్లంతా ఆడకపోతే అక్కడ పాట లేదు. పుస్తకం దొరకనివ్వని కులాలకి ఒళ్లే పుస్తకం. గద్దర్ చేసింది ఈ విద్యని రాజకీయ సభలోకి తేవడం. కాబట్టి అతని ఆటని ఒక మనిషి చపలత్వంగా చూసేవాళ్లకి ఆ ఆట వెనకున్న కులాల చరిత్ర కనబడడం లేదన్నమాట.

కనబడకపోవడానికి మన భాష కూడా కొంత కారణం. ఎవడన్నా సొంత గొప్పలు చెప్పుకుంటే 'డప్పు కొట్టుకుంటున్నాడు' అంటాం. మాట మారిస్తే 'పగటివేషాలు' అంటాం. ఎదురు చెప్పకపోతే 'గంగిరెద్దులా తలూపుతున్నాడు' అంటాం. ఈ తిట్లన్నీ ఎవరి వృత్తులు? డప్పు మాదిగలది. పగటివేషాలూ గంగిరెద్దులూ ఊరూరా తిరిగి బతికే సంచార కులాలవి. ఆడి పాడి పొట్టపోసుకునే కులాల పనినే ఈ సమాజం అబద్ధానికీ వెకిలితనానికీ మారుపేరుగా వాడుతోంది. అలాంటి భాషలో పెరిగినవాళ్లం, గజ్జె కట్టినవాడు నామినేషన్ వేస్తానంటే నవ్వక ఏం చేస్తాం? టీకొట్టు దగ్గర మాకొచ్చిన నవ్వు ఈ భాష నేర్పిన నవ్వే.

ఇదే రాష్ట్రంలో ఇంకొక ప్రదర్శనకారుడున్నాడు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, ఖాకీ బట్టలేసుకొని, పాత వ్యానుని చైతన్య రథం చేసి ఊరూరా తిరిగాడు. రోడ్డు పక్కన స్నానం, రోడ్డు పక్కన భోజనం. 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యాడు. తర్వాత కాషాయం కట్టాడు. ఎన్.టి. రామారావు వేసినన్ని వేషాలు గద్దర్ వేశాడా? లేదే! కానీ అక్కడ దాన్ని 'జనాకర్షణ' అన్నారు, 'ఆత్మగౌరవం' అన్నారు. మొదట్లో ఎగతాళి చేసిన కాంగ్రెస్ వాళ్లు కూడా తొమ్మిది నెలల్లో నోళ్లు మూసుకున్నారు. కృష్ణుడు వేషం వేసినవాడు ఏలడానికి పుట్టినట్టూ, గొర్రెల కాపరి గొంగడి వేసుకున్నవాడు దారి తప్పినట్టూ జనం నమ్మడం వెనక ఆధిపత్య కులాల సంస్కృతి పనిచేస్తోంది. గొంగడి మీద నవ్వి కిరీటానికి దండం పెట్టే చూపు ఇది. ఆ ముఖ్యమంత్రి ఏలుబడిలోనే కారంచేడు జరిగిందన్నది కూడా మరచిపోగూడదు.

'విచిత్రం' అనే మాట ఇంకొంచెం గట్టిపడితే 'పిచ్చి' అవుతుంది. ఈ సంగతి నర్సీపట్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో మా ఊరి ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ఉన్న సుధాకర్ గారు, దళితుడు, కరోనా రోజుల్లో మాస్కులు చాలడం లేదని బయటికి చెప్పారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నం రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టేసిన స్థితిలో ఆయన్ని దేశమంతా చూసింది. అక్కడి నుంచి మానసిక ఆసుపత్రికి పంపారు. హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మే 21న, ఆయన చనిపోయారు. ఆయన కళాకారుడు కాదు, ఓటు అడగలేదు. అడిగింది ఒక్క మాస్కు. అయినా ఈ ఉదాహరణ ఇక్కడెందుకు తెస్తున్నామంటే, దళితుడు గొంతెత్తినప్పుడు అతని మాటకి జవాబు చెప్పకుండా అతని బుర్రని అనుమానించడం ఈ సమాజానికి అలవాటైన దారి. గద్దర్ విషయంలో అది నవ్వు దగ్గర ఆగింది. డాక్టర్ గారి విషయంలో తాడు దాకా వచ్చింది.

కొందరు మిత్రులు ఇలా వాదించవచ్చు: 'కళాకారులు ఎన్నికల్లో నిలబడితే నవ్వడం అన్ని దేశాల్లోనూ ఉంది, ఇందులో కులం ఎందుకు?' నిజమే, ఉంది. 1979లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో పంక్ పాటగాడు జెల్లో బయాఫ్రా మేయర్ పదవికి నిలబడ్డాడు. వ్యాపారులంతా జోకర్ బట్టలేసుకోవాలన్నది అతని వాగ్దానాల్లో ఒకటి. ఓడిపోయాడు. 2010లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో హాస్య నటుడు యోన్ గ్నార్, జంతుశాలకి ధ్రువపు ఎలుగుబంటిని తెస్తానని చెప్పి మేయరుగా గెలిచేశాడు కూడా. నాలుగేళ్లు పనిచేశాడు. వీళ్లు ఎన్నికని చూసి నవ్వారు, జనాన్ని నవ్వించారు. అదే 1979లో నైజీరియాలో పాటగాడు ఫెలా కుటీ సొంత పార్టీ పెట్టి దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తానంటే, ఎన్నికల సంఘం అతని పార్టీని గుర్తించనే లేదు. అంతకు రెండేళ్ల ముందే సైన్యం అతని ఇంటి మీద పడి తగలబెట్టింది.

ఈ తేడాని గమనించాలి. ఓటు హక్కు ఎవరికి ఎప్పుడో స్థిరపడిపోయిందో వాళ్లు దానితో ఆటాడుకోగలరు. ఓటు వెయ్యడానికి వెళ్తే పేట మీద దాడి జరుగుతుందేమోనని భయపడ్డ చరిత్ర ఉన్నవాళ్లకి అది ఆటవస్తువు కాదు. ఒక మనిషికి ఒక ఓటు వస్తుంది గానీ ఒక మనిషికి ఒకే విలువ రావడం లేదన్న వైరుధ్యాన్ని అంబేద్కర్ 1949 నవంబరు 25నే రాజ్యాంగ సభలో ఎత్తిచూపాడు. ఆ విలువ కోసమే దళిత కళాకారుడు ఓటు దగ్గరికొస్తాడు. అందుకే అతను బయాఫ్రా లాగా సరదాకి నిలబడలేడు. అతన్ని సరదాగా చూడడం మన తప్పు.

అయితే గద్దర్‌ని ఎగతాళి నుంచి కాపాడడం వేరు, విమర్శ నుంచి కాపాడడం వేరు. రెండోది మా పని కాదు.

మా మొదటి విమర్శ. గద్దర్ దశాబ్దాల పాటు ఎన్నికల్ని బహిష్కరించమన్న రాజకీయాల గొంతుగా ఉన్నాడు. 2018 డిసెంబరులో మొదటిసారి ఓటేశాడు. రాజ్యాంగం చేతబట్టి తిరిగాడు. మనిషి మారడం తప్పు కాదు. కానీ ఆ పాట విని ఓటుకి దూరంగా ఉన్న ఊళ్లున్నాయి, అడవికి వెళ్లి తిరిగిరాని పిల్లలున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు, ఆదివాసులు, వెనకబడిన కులాలవాళ్లు. నర్సీపట్నం దాటితే మన్యమే కాబట్టి మాకిది పుస్తకంలో చదివిన సంగతి కాదు. వాళ్లకి ఒక లెక్క చెప్పాల్సి ఉంది. ఆ లెక్క గద్దర్ ఒక్కడిది కాదు, పాటగాళ్ల చేత పాడించుకొని పంథా మాత్రం తామే రాసిన నాయకత్వానిది కూడా. పాడేవాళ్లలో కింది కులాలు, తీర్మానాలు రాసేవాళ్లలో పై కులాలు ఎందుకు ఎక్కువన్న ప్రశ్నని దళిత ఉద్యమం ఎప్పుడో అడిగింది. జవాబు ఇంకా బాకీ ఉంది.

రెండోది పేరు గురించి. 1913లో అమెరికా పడమటి తీరంలో మన దేశపు కూలీలూ విద్యార్థులూ పెట్టుకున్న గదర్ పార్టీ నుంచి ఈ పేరొచ్చింది. ఒక పార్టీ పేరు ఒక పాటగాడి పేరయింది. 2023 జూన్‌లో అతను ఢిల్లీ వెళ్లి నమోదుకి పెట్టిన పార్టీ పేరు 'గద్దర్ ప్రజా పార్టీ'. ఉమ్మడిది ఒకరిదయింది, ఆ ఒకరిదే మళ్లీ పార్టీ అయింది. జననాట్యమండలి పాట ఒకరు కడితే ఇంకొకరు సరిచేసి, పదిమంది దరువేస్తే పుట్టేది. అలాంటి పనిలో పండినవాడు తన పేరునే పార్టీకి పెట్టుకోవడం మాకు బాధ కలిగించింది. ప్రతి పార్టీ ఒక కుటుంబం పేరు మీద నడిచే చోట, అందరూ చేసిందే మనమూ చేస్తే మన ప్రత్యేకత ఏముంది?

మూడోది మునుగోడు. పాల్ పార్టీ అభ్యర్థిగా ప్రకటన వచ్చిందే గానీ గద్దర్ నామినేషన్ వేయలేదు. చివరికి పాలే ఇండిపెండెంటుగా దిగి, పోలింగు రోజు తన గుర్తు ఉంగరం కాబట్టి పది వేళ్లకీ ఉంగరాలు పెట్టుకొని పరుగులు తీశాడు. అతనికి ఎనిమిది వందల పైచిలుకు ఓట్లు పడ్డాయి. సొంత వేదిక లేని కళాకారుడు ఎవరి వేదిక దొరికితే దాని మీదికి ఎక్కాల్సి వస్తుందని దీని నుంచి మేము నేర్చుకున్నాం. మా ఉత్తరాంధ్ర పాటగాడు, జననాట్యమండలి నిర్మాతల్లో ఒకడైన వంగపండు ప్రసాదరావు కూతురు కూడా ఒక పాలక కులాల పార్టీ సాంస్కృతిక విభాగంలోనే పనిచేసింది. సాంస్కృతిక విభాగం అంటే ఏమిటి? నాయకుడు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడం, నాయకుడు రాగానే మైకు ఇచ్చేసి దిగిపోవడం.

2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయాడు. ముప్ఫై రెండేళ్ల కింద చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన తారీఖు అదే. నమోదుకి వెళ్లిన పార్టీ రెండు నెలలైనా నిండలేదు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఆ ఏడాది చివర్లో కూతురు వెన్నెల కాంగ్రెస్ తరపున సికింద్రాబాద్ కంటోన్మెంటులో నిలబడి ఓడిపోయింది. 'ఒరేయ్ రిక్షా' పాటకి ప్రకటించిన నంది అవార్డుని తిరస్కరించినవాడి పేరు మీదే ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులిస్తోంది. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. బతికుండగా ఓటడిగితే నవ్విన సమాజం, చనిపోయాక జ్ఞాపిక చేసి పంచుకుంటోంది. జ్ఞాపిక ఓటడగదు కదా!

మా ఊళ్లో మేయరు ఉండడు, మునిసిపల్ చైర్‌పర్సన్ ఉంటారు. 74వ రాజ్యాంగ సవరణ వచ్చాక వార్డుల్లోనూ ఆ కుర్చీల్లోనూ ఎస్సీ, ఎస్టీలకి వాటా ఉంది. కానీ రిజర్వుడు వార్డులో ఎవరు నిలబడాలో పెద్ద మేడల్లో తేలుతుంది. ప్రతి ఎన్నికకీ అన్ని పార్టీలకీ డప్పు కొట్టే ఒక పెద్దాయన మాతో అన్నాడు: "మా డప్పు లేకపోతే ఏ పార్టీ ఊరేగింపూ కదల్దు బాబూ. గెలిచినాక మా పేటకేసి ఒక్కడూ కదల్డు." మీరే ఎందుకు నిలబడకూడదని అడిగాం. ఆయన నవ్వేశాడు. "నన్ను చూసి నవ్వుతారు బాబూ" అన్నాడు.

ఆ నవ్వు పోవాలి. అందుకు కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయాల్సిన పని ఉంది. పేటలోని పాటగాళ్లని సభ మొదట్లో పిలిచి సభ మధ్యలో దింపేసే అలవాటు మన సంఘాల్లోనూ ఉంది. ముందు అది మానాలి. తీర్మానం రాసే చోట వాళ్లని కూర్చోబెట్టాలి. వచ్చే మునిసిపల్ ఎన్నికల్లో డప్పు పట్టినవాడు నిలబడితే, ఒక్కడి పేరు మీద కాకుండా పేట మొత్తం కలిసి రాసుకున్న కోర్కెల మీద నిలబెట్టాలి. గద్దర్ ఒక్కడే చేయబోయి చేయలేకపోయిన పని ఇది. అతని పొరపాట్లతో సహా అతని దగ్గర నేర్చుకుంటేనే ఆ పని ముందుకు నడుస్తుంది.