సగటు చెప్పు యంత్రము

1968లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున నార్మన్ నై, హాడ్లై హల్, డేల్ బెంట్ అనువారు సామాజిక శాస్త్రముల కొరకు ఎస్.పి.ఎస్.ఎస్. అను గణాంక సాఫ్ట్‌వేరును రూపొందించిరి. నేటి రూపములో దానికి ఆజ్ఞలు వ్రాయనక్కరలేదు. పట్టికలో అంకెలు నింపి మెనూలో నొక్కిన చాలును. దాని గుణము ఇదియే, లోపమును ఇదియే.

మంచిర్యాల జిల్లా నస్పూరులో ఒక విద్యార్థి పది సింగరేణి కుటుంబములను సర్వే చేసెననుకొందము. భూగర్భ గనివారికి 1, ఓపెన్‌కాస్టువారికి 2, ఇతరులకు 3 అని సంకేతములిచ్చెను. వారు వరుసగా నలుగురు, నలుగురు, ఇద్దరు. సగటు అడిగినచో యంత్రము 1.8 అని చెప్పును. ఆ 1.8 ఏ గనిలో పనిచేయును? వయస్సు చెప్పనివానికి 99 అని వేయుట మరియొక చిక్కు. 30, 35, 40, 45 ఏండ్లవారి సగటు 37.5, ఆ 99 కూడ కలిసిన 49.8 అగును. అది లోపించిన విలువయని ముందుగా తెలుపు వీలు సాఫ్ట్‌వేరులో కలదు. తెలుపకున్న అది అడుగదు.

1990ల ఆరంభమున న్యూజిలాండులో రాస్ ఇహాక, రాబర్ట్ జెంటిల్‌మన్ ప్రారంభించిన 'ఆర్' ఉచితము. సంకేతములను వర్గములుగా ప్రకటించినచో అది సగటు చెప్పక హెచ్చరించును. కాని ఆజ్ఞలు వ్రాయ నేర్వవలెను. ప్రకటింపకున్న అదియు 1.8 అనియే చెప్పును.

కావున ఏ సాఫ్ట్‌వేరు మేలన్న వాదముకంటె బోధనాక్రమము ముఖ్యము. మొదట పది కుటుంబముల లెక్కను కాగితముపై చేయించి, పిదప విద్యార్థిని యంత్రము చెంతకు పంపవలెను. లేనిచో పోవునది మార్కులు మాత్రమే కాదు. గని కార్మికుల బ్రతుకును గూర్చి తప్పుమాట శాస్త్రముగా చెలామణి యగును.