పొయ్యి మీద రాళ్లు: మార్కేజ్ నవలికలో పింఛను, పరువు, గుట్టు

ప్రస్తావన

వార్ధక్యాన్ని చిత్రించిన రచనలను చర్చించేటప్పుడు ఒంటరితనం, తరాల అంతరం, పిల్లల నిరాదరణ వంటి అంశాలకు విమర్శ సహజంగానే ప్రాధాన్యమిస్తుంది. నెలనెలా చేతికి రావలసిన డబ్బు ఎంత, అది రాకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది అన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు నేపథ్యంలోనే మిగిలిపోతుంది. ఆ ప్రశ్ననే ఇతివృత్తంగా నిలిపిన రచన కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కేజ్ (1927–2014) నవలిక. కల్నల్‌కు ఉత్తరం రాసేవారెవరూ లేరన్న అర్థమిచ్చే పేరుతో ఇది 1958లో పత్రికలోనూ, 1961లో పుస్తకంగానూ వెలువడింది. కల్నల్‌ను పరువు కోసం నిలబడిన ధీరుడిగా, అతని పందెం కోడిని ప్రజల ప్రతిఘటనకు సంకేతంగా చదవడం పరిపాటి. ఆ అన్వయం తప్పు కాదు, అసంపూర్ణం. ఆ పరువుకైన ఖర్చును ఎవరు భరించారన్న లెక్కను కూడా నవలిక అంతే శ్రద్ధగా రాసిందనీ, ఆ లెక్క కల్నల్ భార్య పద్దు కిందే ఎక్కువగా ఉందనీ చూపడం ఈ వ్యాస లక్ష్యం.

చట్టానికీ చేతికీ మధ్య

కల్నల్ 1902లో నీర్లాండియా ఒప్పందంతో ముగిసిన అంతర్యుద్ధంలో పాల్గొన్నవాడు. యువకుడిగా ఉన్నప్పుడే విప్లవ సైన్యానికి కోశాధికారిగా, రెండు పెట్టెల నిధులను కంచరగాడిదపై ఆరు రోజులు ప్రయాణించి తెచ్చి అప్పగించాడు. అందుకు రసీదు కూడా పొందాడు. మార్కేజ్ మాతామహుడు కూడా ఆ కాలపు యుద్ధంలో పాల్గొన్న కల్నలే. ఆయన కూడా రాని పింఛను కోసం ఎదురుచూసినవారే. కనుక ఈ ఇతివృత్తం రచయితకు ఇంట్లో విన్నది.

నవలికలో ప్రభుత్వం పింఛనును ఎక్కడా నిరాకరించదు. కథాకాలానికి 19 ఏళ్ల క్రితమే చట్టం వచ్చింది. అర్హతను రుజువు చేసుకోవడానికి 8 ఏళ్లు, జాబితాలో పేరు చేర్పించుకోవడానికి మరో 6 ఏళ్లు పట్టాయి. పేరు చేరిందని తెలిపిన ఉత్తరమే అతనికి అందిన ఆఖరి ఉత్తరం. ఈ అంకెలను కలిపి చూస్తే, అన్ని అర్హతలూ సమకూరాక కూడా అతడు దాదాపు 5 ఏళ్లుగా ఉత్తచేతులతో ఉన్నాడని తేలుతుంది. ప్రతి శుక్రవారం టపా పడవ వచ్చే రేవుకు వెళ్లడం, వట్టి చేతులతో తిరిగిరావడం అతని దినచర్యలో భాగమైంది. న్యాయవాదిని మార్చదలచి కాగితాలు వెనక్కి అడిగితే, అవి ఎన్ని కార్యాలయాలు దాటి ఎక్కడున్నాయో చెప్పడం అసాధ్యమన్నదే జవాబు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మన సామెతకు ఇంతకంటే సమగ్రమైన వ్యాఖ్యానం ఉండదు. జాప్యం ఇక్కడ పాలనాలోపం మాత్రమే కాదు; కాదనకుండానే ఇవ్వకుండా ఉండే పద్ధతి.

గుట్టు: రెండు అంచెలు

ఈ నిరీక్షణ ఇంట్లో ఏ రూపం తీసుకుంటుందో వివరించడానికి తెలుగులోని ‘గుట్టు’ అన్న మాట ఎంతో ఉపకరిస్తుంది. పరువు నలుగురి దృష్టిలో ఉండేది. గుట్టు ఆ దృష్టి పడకుండా ఇంటివాళ్లు చేసే శ్రమ. నవలిక ఆరంభంలోనే కల్నల్ కాఫీ డబ్బా అడుగును కత్తితో గీకి, మిగిలిన ఒక్క చెంచాడు పొడితో కాఫీ కాచి, ఉబ్బసంతో బాధపడే భార్యకిస్తాడు. తాను ముందే తాగేశానని అబద్ధమాడతాడు. ఇది భార్య దగ్గర భర్త దాచిన గుట్టు. పొయ్యిలో పిల్లి లేవని రోజుల్లో ఇరుగుపొరుగుకు తెలియకూడదని ఆమె కుండలో రాళ్లు వేసి ఉడికిస్తుంది. ఇది ఊరి దగ్గర ఇల్లాలు దాచిన గుట్టు. మొదటిదాన్ని కథకుడు మనకు నేరుగా చూపుతాడు. రెండోది ఆమె నోటి మాటగానే, అదీ ఎన్నోసార్లు జరిగిపోయాక, బయటపడుతుంది. కల్నల్ త్యాగం ఒక దృశ్యం. ఆమె త్యాగం ఒక అలవాటు. విమర్శ దృశ్యాన్ని గుర్తుంచుకున్నంతగా అలవాటును గుర్తుంచుకోలేదు.

ఇల్లాలి పద్దు

నవలికలో దంపతులిద్దరికీ పేర్లు లేవు. అయితే అతనికి కనీసం హోదా ఉంది. ఆమెకు ‘భార్య’ అన్న బాంధవ్యమే మిగిలింది. కరపత్రాలు పంచుతూ హతుడైన కొడుకు కుట్టుమిషను అమ్మగా వచ్చిన డబ్బుతో నెలల తరబడి ఇల్లు నడిచింది. గడియారాన్నీ, గోడమీది పటాన్నీ అమ్మడానికి తిరిగింది ఆమె. పెళ్లి ఉంగరాల మీద అప్పు కోసం మతగురువును ఆశ్రయించి, పవిత్ర వస్తువులతో బేరం పాపమని అనిపించుకున్నదీ ఆమె. గుట్టు కాపాడుతూ వచ్చిన మనిషే దాన్ని విప్పుకోవలసిన అవమానాన్ని కూడా భరించింది. కోడికోసం పిల్లలు తెచ్చిన మొక్కజొన్నతో ఒకనాడు ఆమె జావ కాస్తుంది. కొడుకు జ్ఞాపకమూ ఊరి ఆశా అయిన ఆ కోడి మేత తమకూ తిండి అయిందన్న వాస్తవం, దాన్ని సంకేతంగా మాత్రమే చూసే అన్వయాలకు లొంగదు.

ముగింపు దృశ్యాన్ని ఈ వెలుగులో చదవాలి. పందెం జనవరి 20న. అందాకా ఏం తినాలని ఆమె భర్తను పట్టుకుని ఊపి అడుగుతుంది. 75 ఏళ్ల జీవితం వెచ్చించి అతడు ఒక్క బూతుమాటతో బదులిస్తాడు. ఆ మాటలో అతనికి విముక్తి లభించిన మాట నిజమే. కానీ ప్రశ్న అడిగిన మనిషికి లభించిందేమిటి? నవలిక కల్నల్ మాటతో ముగిసినా, పాఠకుడి దగ్గర మిగిలేది ఆమె ప్రశ్న.

ముగింపు

ఈ పఠనం మనకెందుకు? డి.ఎస్. నకారా కేసులో 1982 డిసెంబరు 17న మన సుప్రీంకోర్టు పింఛను యజమాని దయాధర్మం కాదనీ, హక్కు అనీ స్పష్టం చేసింది. ఆ తేదీనే విశ్రాంత ఉద్యోగులు పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. అయినా ఉద్యోగుల పింఛను పథకం–1995 కింద 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. ఆర్టీసీ వంటి సంస్థల్లో పనిచేసి విరమించినవారెందరో ఈ పథకం పరిధిలోనే ఉన్నారు. తాను సేవ చేశానని కల్నల్ కాగితాలతో రుజువు చేయవలసి వచ్చింది. తాను బతికే ఉన్నానని మన పింఛనుదారు ఏటా లైఫ్ సర్టిఫికెట్‌తో రుజువు చేయాలి. హక్కు కాగితం మీద ఉండటానికీ, కుండలో బియ్యం పడటానికీ మధ్య దూరం రెండుచోట్లా ఉంది.

కాబట్టి విశ్రాంత జీవితాన్ని చిత్రించిన తెలుగు కథలను పరిశీలించేటప్పుడు కూడా ఆ పాత్ర ఎంత హుందాగా బతికిందన్న ప్రశ్నతో ఆగకూడదు. ఆ హుందాతనం కోసం వంటింట్లో ఎవరు ఏం మానుకున్నారో రచన చెప్పిందా, దాచిందా అని కూడా అడగాలి. అడగకపోతే, పరువును ప్రశంసిస్తున్నామనుకుంటూ మరొకరి పస్తును ప్రశంసించినవాళ్లమవుతాం.