సున్నా క్రెడిట్ల రాజ్యాంగం

ఇంజనీరింగు చదివే పిల్లవాడికి చరిత్ర ఎందుకు, కామర్సు చదివే పిల్లకు నీటి కాలుష్యం ఎందుకు అన్న ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఒకే శాస్త్రంలో బందీ అయిన చదువు వద్దన్నది. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన డిగ్రీ చట్రం, మూడేళ్ళ చదువులోని 120 క్రెడిట్లలో తొమ్మిదింటిని ప్రధాన సబ్జెక్టుకు బయటి శాస్త్రాలకు కేటాయించింది. సమర్థించేవాళ్ళు విశాల దృక్పథం అంటున్నారు. వ్యతిరేకించేవాళ్ళు ఉద్యోగానికి పనికిరాని బరువు అంటున్నారు. ఈ ఇద్దరి వాదనల్లోనూ విద్యార్థికి కులం లేదు, ఊరు లేదు, ఇంట్లో మొదట చదువుకున్నది తనేనా కాదా అన్న లెక్క లేదు. కాబట్టి ఈ చర్చను వాళ్ళకే వదిలెయ్యడానికి వీల్లేదు.

మా రావిర్యాల దిక్కు నుంచి చూద్దాం. ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల, సాగర్ రోడ్డు పొంటి శేరిగూడ, మంగళ్‌పల్లి దాకా ఇంజనీరింగు కాలేజీలే. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినంక మాల మాదిగ వాడల పిల్లలు, తండాల పిల్లలు కూడా ఆ గేట్లు దాటారు. ఇట్లాంటి కాలేజీలు ఎన్నింటికో గుర్తింపునిచ్చే హైదరాబాదు జేఎన్‌టీయూ 2015 ప్రాంతంలో ఒక మంచి పని చేసింది. బీటెక్ పిల్లలకు జెండర్ మీద ఒక పాఠం తప్పనిసరి చేసింది. దానికోసం తెలుగు అకాడమీ 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' అనే పుస్తకాన్ని ఇంగ్లీషు, తెలుగు రెండూ కలిపి అచ్చువేసింది. సూసీ తారు, గోగు శ్యామల, ఎ. సునీత, దుగ్గిరాల వసంత, వసుధా నాగరాజ్ మొదలైనవాళ్ళు కలిసి రాసిన పుస్తకం అది.

పుస్తకం బాగుంది. ఇంటిపని కూడా శ్రమే, అది కనబడకుండా పోయిన శ్రమ అని చెప్పే పాఠముంది. గృహహింస ఉంది, ప్రేమ పేరుతో జరిగే యాసిడ్ దాడులున్నాయి. చరిత్ర ఎవరిది అన్న ప్రశ్న ఉంది, ఆధునిక తెలంగాణ చరిత్రలో రాయకుండా వదిలేసిన పేజీలున్నాయి. అమెరికా నల్లజాతి స్త్రీ రోసా పార్క్స్ ఉంది. సర్క్యూట్లు, కోడింగు తప్ప ఇంకోటి వినబడని తరగతి గదిలో 'మా అమ్మ ఏ పనీ చెయ్యదు' అనే మాటను నిలబెట్టి అడగడం చిన్న సంగతి కాదు. పైగా పక్కనే తెలుగు ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చి ఏడాదంతా నోరు మెదపకుండా కూర్చున్న పిల్ల ఈ ఒక్క పీరియడులోనైనా మాట్లాడగలదు.

మరి విశ్వవిద్యాలయం దీనికి కట్టిన విలువెంత? 2018 నియమావళిలో జెండర్ పాఠానికి 'ల్యాబ్' అని పేరు పెట్టి వారానికి రెండు గంటలిచ్చారు. క్రెడిట్లు సున్నా. పర్యావరణ శాస్త్రానికి క్రెడిట్లు సున్నా. భారత రాజ్యాంగానికి వారానికి మూడు గంటలు, క్రెడిట్లు సున్నా. 2022 నియమావళిలోనూ ఇదే వరస. 2018 నియమాల ప్రకారం కాలేజీ లోపలే పెట్టుకునే పరీక్షలో నూటికి నలభై తెచ్చుకుంటే చాలు. గ్రేడు ఉండదు, కార్డు మీద పాసో ఫెయిలో అన్న ఒక్క ముక్క ఉంటుంది. అంటే రాజ్యాంగం చదివి తీరాలి, చదివినందుకు లెక్కలోకి మాత్రం ఏమీ రాదు. తెలంగాణ పల్లెలకు ఈ పద్ధతి కొత్తది కాదు. వెట్టిలో కూడా పని తప్పనిసరి, కూలి సున్నా.

ఈ పాఠం ఎవరు చెప్పాలి? ఇంగ్లీషు సాహిత్యం, సోషియాలజీ, రాజనీతి శాస్త్రం నుంచి గానీ, అర్హత ఉన్న మరెవరైనా గానీ చెప్పవచ్చని సిలబస్‌లోనే ఉంది. కాగితం మీద ఉదారంగానే ఉంది. కానీ క్రెడిటే లేని పాఠానికి సోషియాలజీ అధ్యాపకుణ్ణి జీతమిచ్చి ఏ ప్రైవేటు కాలేజీ పెట్టుకుంటుంది? ఆ పీరియడు ఇంగ్లీషు మేడానికో, ఖాళీగా దొరికిన సారుకో పోతుంది. పరీక్షలు దగ్గర పడితే లెక్కల సారు అడిగి తీసుకుంటాడు. తప్పనిసరి అనే మాట చట్టంలో రాసి, ఎగ్గొట్టే దారి కూడా అందులోనే ఉంచడం మనకు తెలియని విద్య కాదు. రాజ్యాంగం పదిహేడో అధికరణకు ఊళ్ళల్లో పట్టిన గతి చూస్తూనే ఉన్నాం.

ఇక లోపల ఏముందో చూడాలి. పర్యావరణ విద్య తప్పనిసరి కావడం వెనక 1991 నాటి ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఉంది. 2003లో కోర్టు మళ్ళీ పట్టుబట్టాక యూజీసీ డిగ్రీలన్నిటికీ ఆర్నెల్ల పాఠం తయారుచేసింది. అందులో నీటి కాలుష్యం ఉంది, కారణాలున్నాయి, నివారణ ఉంది. కారంచేడు లేదు. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైందే మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గర. ఆ నీళ్ళు మురికి చెయ్యొద్దన్నందుకు, కొట్టబోతే బిందె ఎత్తి నిలబడ్డ మున్నంగి సువార్త మీద మొదలైన కక్ష, 17వ తేదీన ఆరుగురు మాదిగల హత్యలతో గానీ ఆగలేదు. తెలుగు దేశంలో నీటి కాలుష్యానికి ఇంతకన్నా పెద్ద పాఠం ఏముంది? నీళ్ళలో ఏ రసాయనం ఎంతుందో చెప్పి, ఎవరి మురికి ఎవరి బిందెలోకి పోతుందో చెప్పని చదువు సగం చదువే.

సివిల్ ఇంజనీరింగు తీసుకోండి. మురుగు కాలువకు వాలు ఎంత ఉండాలి, మ్యాన్‌హోళ్ళు ఎంతెంత దూరంలో ఉండాలి, ఇవన్నీ ప్రధాన సబ్జెక్టు. ఆ మ్యాన్‌హోల్లోకి ఎవరు దిగుతారు, వాళ్ళంతా ఒకే కొన్ని కులాల వాళ్ళు ఎందుకయ్యారు అనేది బయటి సబ్జెక్టు! పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగులో చనిపోయినవాళ్ళ కుటుంబానికి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. మనిషి దిగనవసరం లేని కాలువ ఎట్లా కట్టాలన్నది ఇంజనీరు తేల్చాల్సిన ప్రశ్నే కదా. మేజరు, బయటిది అనే ఈ గోడ ఎక్కడ కట్టాలో నిర్ణయించింది మ్యాన్‌హోల్లోకి ఎన్నడూ దిగని కులాలే.

'ఇష్టమున్నవాళ్ళు తీసుకుంటారు, బలవంతం ఎందుకు' అనే ఉదారవాదులున్నారు. ఇష్టం అనేది అందరికీ సమానంగా దొరికే సరుకు కాదు. బొంబాయిలో హైస్కూలు చదివే రోజుల్లో అంబేద్కర్ సంస్కృతం చదువుతానంటే చదవనివ్వలేదు, పారశీకం తీసుకోవలసి వచ్చింది. అదే మనిషి 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయి అర్థశాస్త్రం ప్రధానంగా చదువుతూ చరిత్ర, సోషియాలజీ, తత్వశాస్త్రం, ఆంత్రోపాలజీ, రాజనీతి తరగతుల్లోనూ కూర్చున్నాడు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ ఆంత్రోపాలజీ సెమినారులో చదివిన పత్రమే 'క్యాస్ట్స్ ఇన్ ఇండియా'. కుల నిర్మూలనకు పునాది వేసిన ఆలోచన ఆయన ప్రధాన సబ్జెక్టు బయటి తరగతిలో పుట్టింది. ఆయన్ను అక్కడ ఎవరూ బలవంతపెట్టలేదు కదా అంటారు. నిజమే. కానీ బరోడా స్కాలర్‌షిప్పు, న్యూయార్కు లైబ్రరీ, ఏ తలుపు తడితే ఆ తలుపు తెరిచే విశ్వవిద్యాలయం ఉన్నచోట ఇష్టానికి అర్థముంది. సోషియాలజీ అధ్యాపకుడే లేని మంగళ్‌పల్లి కాలేజీలో ఇష్టం అంటే ఏమిటి? అక్కడ ఆ పాఠం అందరికీ తప్పనిసరైతేనే మన పిల్లకు దొరుకుతుంది.

ఇంకో మాట. కులం అంటే ఏమిటో మాదిగ పిల్లవాడికి ఎట్లాగూ తెలుసు. ఇష్టానికి వదిలితే నాలుగేళ్ళలో కులం గురించి ఒక్క పేజీ చదవకుండా పట్టా పుచ్చుకుని పోయేది పక్క బెంచీ అగ్రకుల విద్యార్థి. రేపు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేది కూడా అతనే. తప్పనిసరి అన్న మాట ముందుగా అతని కోసం.

మనవాళ్ళలోనూ అభ్యంతరం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యకూడదు. 'మా పిలగాడికి ఉన్న సబ్జెక్టులే పాస్ కావడం కష్టమైతంది, ఇంకోటి నెత్తిన పెడతరా' అని అడిగే తల్లిదండ్రులకు జవాబు చెప్పాలి. బ్యాక్‌లాగు పడితే ఎవరి పిల్లవాడు ట్యూషన్‌కు పోతాడో, ఎవరి పిల్లవాడు అడ్డా మీదికి పోతాడో అందరికీ తెలుసు. అందుకే అదనంగా అనొద్దు. ఉన్న గంటల్లోంచే తీసి ఇవ్వాలి, నిండు క్రెడిట్లివ్వాలి, జవాబు తెలుగులో రాయనివ్వాలి, చదువుకున్న అధ్యాపకుణ్ణి పెట్టాలి. రిజర్వేషన్ రోస్టరు ప్రకారం పెట్టాలి అని కూడా చెప్పుకోవాల్సి రావడమే విచారం.

ఎందుకంటే తప్పనిసరి చేసే అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పుస్తకమే అందరి నెత్తికెక్కుతుంది. విద్యార్థులు తీసుకునే మొత్తం క్రెడిట్లలో కనీసం ఐదు శాతం భారతీయ జ్ఞాన వ్యవస్థల పాఠాలుండేలా ప్రోత్సహించాలని 2023లో యూజీసీ మార్గదర్శకాలిచ్చింది. జ్ఞానానికి క్రెడిట్లు, రాజ్యాంగానికి సున్నా! సరే, జ్ఞానమే కానివ్వండి. తంగేడు చెక్కతో తోలు శుద్ధి చేసిన మాదిగ రసాయన శాస్త్రం అందులో ఉంటుందా? కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు లాంటి చెరువుల కింద తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో తెలిసిన నీరటి లెక్కలుంటాయా? ఉంటే ముందు మనమే చేరదాం.

రావిర్యాల ఎట్లాగూ దగ్గరే. 2006లో ఇక్కడ ఫ్యాబ్ సిటీ అన్నారు, చిప్పులు తయారవుతాయన్నారు. ఆ చిప్పుల ఫ్యాక్టరీ రాలేదు. సోలారు, ఎలక్ట్రానిక్సు కంపెనీలు వచ్చాయి, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, 2016లో వండర్‌లా పార్కు తెరిచారు. ఎలక్ట్రానిక్సు విద్యార్థులను ఒక సెమిస్టరు ఈ ఊళ్ళకు పంపి చూడండి. ఏ సర్వే నంబరు పట్టా, ఏది సర్కారీ, ఏది లావుణి? అసైన్డు భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం ఏం చెప్తుంది? ఎకరం ఎంతకు పోయింది, అమ్మినవాళ్ళలో ఇప్పుడు ఎవరు ఏ గేటు దగ్గర కాపలా ఉన్నారు? తహసీల్దారు ఆఫీసులో పాత పహాణీ నకలు ఎట్లా అడగాలో, అందులో పట్టాదారు ఎవరో, కాస్తులో ఉన్నది ఎవరో ఎట్లా చదవాలో కూడా ఆ పాఠంలో ఉండాలి. మన పిల్లల్లో కొందరు ఆ ఆఫీసు చుట్టూ అమ్మానాన్నల వెంబడి తిరిగి తిరిగి అది ముందే నేర్చుకుని వచ్చారు. పక్క బెంచీ వాళ్ళకు వాళ్ళే చెప్పగలరు.