నిద్రపోవడం చేతనైన చిప్

రవ్వలకొండ దగ్గర అచ్చమ్మగారి ఆవుల్ని వదిలి, చుట్టూ కర్రతో గిరి గీసి, బ్రహ్మంగారు గుహలో కూర్చుని కాలజ్ఞానం రాసుకునేవారని బనగానపల్లెలో ఏ పిల్లాణ్ని అడిగినా చెప్తాడు. ఆవులు గీత దాటేవి కావట. ఆయన వాటి వెంట తిరిగేవారూ కాదట. ఇంజనీరింగ్ పిల్లలకు ఎంఎస్‌పీ430 అనే మైక్రోకంట్రోలర్ చిప్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఈ కథతోనే మొదలుపెడతాను. టైమరు, ఏడీసీ, సీరియల్ పోర్టు తమ మేత తాము మేస్తుంటాయి. ప్రాసెసర్ కర్ర పట్టుకుని వాటి వెనక తిరగదు. తేడా ఒక్కటే: బ్రహ్మంగారు రాసుకునేవారు, ఇది పడుకుంటుంది.

ఎప్పుడు పడుకోవాలి, ఎంత గాఢంగా పడుకోవాలి, పిలిస్తే ఎంత చప్పున లేవాలి. ఈ చిప్ విద్యంతా అందులోనే ఉంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల జర్మనీ శాఖలో, ఫ్రైసింగ్‌లో, 1990ల తొలినాళ్లలో పుట్టింది. నీళ్ల మీటర్లలాంటి, ఏళ్ల తరబడి బ్యాటరీ మార్చే నాథుడుండని చోట్లే దీని అసలు కొలువు. ఆ కంపెనీ 1985లో బెంగళూరుకు వచ్చినప్పుడు శాటిలైట్ డిష్‌ను ఎద్దుల బండి మీద చేర్చారని చెప్పుకుంటారు; మా సీమవాళ్లకు ఆ ముచ్చటంటే మహా ఇష్టం. పాత పీడీపీ-11 కంప్యూటర్ పోలికలు దీని ముఖంలో ఉన్నాయని పెద్దలంటారు. ఉన్నాయి కూడా.

ఇక పనితనం చూడండి. 16 బిట్ల రిజిస్టర్లు 16. ఆర్0 ప్రోగ్రాం కౌంటర్, ఆర్1 స్టాక్ పాయింటర్, ఆర్2 స్టేటస్ రిజిస్టర్. ఆర్3 దగ్గరికొచ్చాక నా నోరు ఆగదు. సున్నా, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, మైనస్ ఒకటి: ప్రోగ్రాముల్లో మాటిమాటికీ కావలసిన ఈ ఆరింటినీ ఆర్2, ఆర్3 కలిసి అక్కడికక్కడే పుట్టిస్తాయి. మెమరీలో ఒక వర్డ్ మిగిలింది, దాన్ని తెచ్చే క్లాక్ సైకిలూ మిగిలింది. అసలు ఆదేశాలు 27 మాత్రమే. మరో 24 వాటితోనే అల్లుకున్నవి. రిజిస్టర్‌లోని అంకెను రెట్టింపు చేయాలా? దాన్ని దానికే కూడు. సబ్‌రొటీన్ నుంచి తిరిగి రావాలా? స్టాక్ మీది చిరునామా తీసి ఆర్0లో వెయ్యి. ఫ్లాష్, ర్యామ్, పోర్టులు అన్నీ ఒకే చిరునామాల వరుసలో ఉంటాయి కనుక అన్నిటికీ ఒకటే మూవ్. 8051లో ఒక్కో మెమరీకి ఒక్కో రకం మూవ్ బట్టీపట్టినవాడు దీని దగ్గరికొస్తే పుట్టింటికొచ్చినట్టుంటుంది.

నిద్ర సంగతి ఇంకా సొగసు. స్టేటస్ రిజిస్టర్‌లో నాలుగు బిట్లున్నాయి. ఏవి వెలిగించామన్నదాన్ని బట్టి నిద్ర లోతు మారుతుంది. ఆ లోతులకు ఎల్‌పీఎం0 నుంచి ఎల్‌పీఎం4 దాకా పేర్లు. అందరూ మెచ్చేది ఎల్‌పీఎం3. ప్రాసెసర్, పెద్ద క్లాకులు ఆగిపోయి, చేతిగడియారంలో ఉండే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ ఒక్కటే టిక్కుటిక్కుమంటుంది. రెండును పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది. అందుకే సెకను తప్పకుండా లెక్క కుదురుతుంది. ఇంటరప్ట్ వచ్చిందనుకోండి, స్టేటస్ రిజిస్టర్ స్టాక్ మీదికి వెళ్తుంది, నిద్ర బిట్లు చెరిగిపోతాయి, చిప్ లేస్తుంది. పని ముగించి వెనక్కి వెళ్లేటప్పుడు పాత స్టేటస్ తిరిగొస్తుంది, దానితోపాటు నిద్రా వస్తుంది. పడుకోమని మళ్లీ చెప్పక్కర్లేదు! మేలుకునే ఉండాలంటే స్టాక్ మీద దాచిన ప్రతిలోనే ఆ బిట్లు చెరిపేయాలి. ఈ కిటుకు తెలిసినవాణ్నే నేను పనివాడంటాను.

ఆ పనివాళ్లలో లుట్జ్ బియర్ల్‌ను తలచుకోకుండా ఉండలేను. ఈ చిప్ మీద 2000లో వచ్చిన ఆయన అప్లికేషన్ రిపోర్టుల సంపుటం ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కరెంటు మీటరు, నీళ్ల మీటరు, ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు, ఏదీ వదల్లేదు. ఏడీసీ లేని చిప్‌తో ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి ఒకటుంది: కెపాసిటర్‌ను థర్మిస్టర్ గుండా ఖాళీ చేయించి, ఎంతసేపు పట్టిందో టైమరుతో చూడటం. పేదింటి ఇల్లాలు ఒక్క టమోటాతో చారు పెట్టినట్టు!

2010లో ఈ చిప్ పెట్టిన లాంచ్‌ప్యాడ్ బోర్డు 4.30 డాలర్లకే వచ్చింది. మా జేఎన్‌టీయూ అనంతపురం సిలబస్‌లోకీ ఈ చిప్ ఎక్కింది. ఇక సీమ పిల్లలు దున్నేస్తారనుకున్నాను. ఏం దున్నారు! ఒక కాలేజీలో ప్రాజెక్టు చూడటానికి పిలిచారు. రైతు పొలంలో తేమ కొలిచే యంత్రమట. డబ్బా విప్పితే ఆర్డుయినో నకలు బోర్డు, లోపల ఎర్రదీపం పగలూ రాత్రీ వెలుగుతోంది, ప్రోగ్రాంలో వరసగా డిలేలు. పట్నంలో డబ్బిచ్చి కొనుక్కొచ్చారని తర్వాత తెలిసింది. ఆర్డుయినో ఊనో రకం బోర్డు ఖాళీగా కూర్చున్నా 45 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది. రెండు పెన్సిల్ సెల్లుల సత్తువ రెండు రోజుల్లో హరీ. మా ఎంఎస్‌పీ430ల్లో జీ2553 అనేది ఒక మెగాహెర్ట్జ్‌లో పని చేస్తూ తీసుకునేది 230 మైక్రో ఆంపియర్లు, ఎల్‌పీఎం3లో ఒక్కటి కూడా కాదు. సెకనుకోసారి లేచి ఒక మిల్లీసెకను పనిచేసి పడుకుంటే సగటు ఒక మైక్రో ఆంపియర్ దాటదు. 220 మిల్లీ ఆంపియర్ అవర్ల కాయిన్ సెల్‌కు కాగితం మీద పాతికేళ్లు! సెల్లే ముందు ముసలిదవుతుంది.

2023లో ఆ కంపెనీయే ఆర్మ్ కోర్‌తో ఎంఎస్‌పీఎం0 తెచ్చింది. నిద్ర దానికీ వచ్చు, ఒప్పుకుంటాను. అంకెల్ని అక్కడికక్కడే పుట్టించే ఆర్3 మాత్రం లేదు.

నంద్యాల, కర్నూలు, కడప ల్యాబుల్లో పాఠాలు చెప్పే అయ్యలారా, అమ్మలారా, దీపం మిణుకుమంటే మార్కులు వేయకండి. బ్యాటరీ తీగ మధ్యలో మీటరు పెట్టించి, మైక్రో ఆంపియర్లు చదివించి వేయండి. బోర్డు మీది ఎర్రదీపాన్ని పీకమనండి. చిప్ ఏదైనా సరే, డేటాషీట్‌లో కరెంటు పట్టిక ఏ పేజీలో ఉందో తడుముకోకుండా చెప్పగలగాలి.

మా బంగినపల్లి మామిడి చెట్టు కొమ్మకు ఒక పాత శిష్యుడు కట్టిపోయిన డబ్బా ఇంకా ఉంది. గంటకోసారి లేచి వేడి రాసుకుంటుంది. సెల్ మార్చాలేమోనని మూడో కాపు కోశాక మూత తీసి కొలిచాను. 2.9 వోల్టులు. మళ్లీ మూత పెట్టేశాను.