విరిగిన పాలు, విరిగిన యెముక

తెలుగున ‘విరుగుట’ యను మాట యొకటి కలదు. సేన విరుగును; పాలు విరుగును; ఎముక విరుగును. మాట యొక్కటియే యైనను మూటి గతియు నొక్కటి కాదు. విరిగిన సేనను మరల కూర్పవచ్చును. విరిగిన యెముక యతుకును. విరిగిన పాలు మాత్రము మరల పాలు కానేరవు. ఈ భేదమును మన వీరగాథలు పాటింపలేదనియు, అందలి కీడు నేటికిని మన యిండ్లలో పడి లేచినవారి కనుభవమగుచున్నదనియు మా యభిప్రాయము. గుఱ్ఱముమీదనుండి పడి, గట్టి దెబ్బ తిని, కోలుకొని, మరల జీనుమీద కూర్చుండగోరు మనుష్యుని నుదాహరణముగా గైకొని యీ విషయమును విమర్శింపదలచితిమి.

ఖడ్గతిక్కన కథ వినని తెలుగువా రరుదు. 13వ శతాబ్దమున నెల్లూరి నేలిన మనుమసిద్ధికిని, యాదవవీరుడగు కాటమరాజునకును పసుల మేతకై చెల్లింపవలసిన పుల్లరినిగూర్చి వైరము పుట్టినది. భారతమును తెనిగించిన తిక్కన సోమయాజికి దాయాదియగు ఖడ్గతిక్కన మనుమసిద్ధి పక్షమున పోరికి వెడలి, సేన విరుగగా నింటికి మరలి వచ్చెను. భార్య స్నానపుచోట మంచము నడ్డుపెట్టి పసుపుముద్ద యుంచినదట. ఆడుదానివలె చాటున నీళ్లు పోసికొమ్మని దాని భావము. తల్లి విరిగిన పాలు వడ్డించి, నీవును విరిగితివి, పాలును విరిగినవని దెప్పినదట. తిక్కన సహింపలేక మరల యుద్ధభూమికి బోయి ప్రాణములు విడిచెను.

కథాకల్పనమందు దీనికి సాటి వచ్చు ఘట్టములు మన వాఙ్మయమున కొలదిగా నున్నవి. దీర్ఘోపన్యాసము లేదు. మంచము, పసుపు, పాలు అను మూడు గృహవస్తువులతో నొక మహావీరుని గుండె కోయబడినది. శ్లేష యింత పదునుగా పనిచేసిన చోటు మఱియొకటి మాకు స్ఫురింపదు. కాని యీ యందమే మనలను మోసపుచ్చుచున్నది. ఆ యింట నెవ్వరైనను, ‘నాయనా, సేన యేల విరిగినది? మిగిలినవా రెందరు? మరల పోవలెనన్న నీకేమి కావలెను?’ అని యడిగిరా? అడుగలేదు. అందుచే తిక్కన రెండవ ప్రయాణము గెలుచుటకై చేసినది కాదు. సిగ్గునుండి తప్పించుకొనుటకై చేసినది. కథ యతనిని మరల పంపినది గాని మరల రానీయలేదు. స్త్రీవలె నుండుటయే మగవానికి పరమావమానమని కథ తలచుట మఱియొక దోషము. ఆ తలపు మనుష్యజాతిలో సగపాలును గాయపరచునదే.

ఇది యొక్క కథలోని సంగతి కాదు. పలనాటి బాలచంద్రుడు మడిసెను. 1714లో మరణించిన సెంజి దేశింగురాజు, ఎవ్వరికిని లొంగని గుఱ్ఱమును లొంగదీసెనని పాటలకెక్కి, తుదకు యుద్ధముననే కూలెను. 1757 నాటి బొబ్బిలి కథలో కోటయంతయు నశించెను. మడిసినవారే మనకు పాటలైరి. గాయపడి, మంచము పట్టి, నెలలతరబడి కాలు చాచుట నేర్చుకొని, మరల నిలువబడినవానిగూర్చి జంగము తంబుర మీటిన దాఖల మా యెఱుకలో లేదు. వీరగాథలను పారవేయవలెనని మేమనుట లేదు. వానిని వినుచు, అవి చెప్పక విడిచినదానిని గూడ తలపవలెనని మాత్రమే మా మనవి.

గాథల తరువాత సామెతలు. ‘రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడుకాళ్లమీద నడచును’ అని మనవారు బిడ్డలయెడను, నౌకరులయెడను గూడ వాడుదురు. ఈ సామెత గుఱ్ఱముపట్ల సగమే నిజము. భయపడినవాడు తొడలతో బిగించును, పగ్గమును గట్టిగా లాగును, ఊపిరి బిగబట్టును. ఆ బిగువు గుఱ్ఱమునకు తెలియును, అదియు బెదరును. అప్పుడు రౌతు మెత్తబడుట దోషము కాదు, ఉపాయము. మెత్తదనమునకును చేతగానితనమునకును గల భేద మీ సామెత కెక్కలేదు.

మోటారుల కాలమున నీ గుఱ్ఱపుగొడవ యేలయని కొంద రనవచ్చును. మా పర్చూరు సీమలో జట్కాబండ్లు పోయినవి. గుఱ్ఱము పెండ్లి యూరేగింపులలో కనబడుటయే విశేషము. అయినను 1886లో మలకుపేటకు మారిన హైదరాబాదు గుఱ్ఱపుపందెములు నేటికిని జరుగుచునే యున్నవి. ఆ నగరమందలి జాతీయ పోలీసు అకాడమీలో స్త్రీలును పురుషులును స్వారి నేర్చుచున్నారు. అదిగాక ద్విచక్రవాహనముమీదనుండి పడి కాలు విరిగిన వా డూరూర నున్నాడు. మరల దాని నెక్కుటకు వానికి కలుగు భయమును, వాని యింటివారి మాటలును రౌతు విషయమున నెట్టివో యట్టివే.

పాశ్చాత్యదేశములందు మరల నెక్కిన రౌతుల కథలు పెక్కులు ప్రచారములో నున్నవి. అవియు విమర్శకు లోబడవలసినవే. 1960లో రోమునగరమందలి ఒలింపిక్కు పోటీలలో బిల్ రాయ్‌క్రాఫ్ట్ అను 45 ఏండ్ల ఆస్ట్రేలియా రౌతు పడి, జత్రుక విరిగి, ఆసుపత్రి పాలయ్యెను. మరునాడే వైద్యుల మాట కాదని వచ్చి, గుఱ్ఱమెక్కి కంచెలు దాటించెను. అతని జట్టునకు స్వర్ణపతకము వచ్చెను. ఈ కథ చెప్పినప్పుడెల్ల సభలో చప్పట్లు మ్రోగును. మేము ఆయన ధైర్యమును తగ్గింపము. కాని దానిని ధర్మసూత్రముగా బోధించుట ప్రమాదము. తలకు దెబ్బ తగిలి యది మానకముందే మఱియొక దెబ్బ తగిలినచో ప్రాణాపాయమని నేటి వైద్యులు చెప్పుచున్నారు. నేడట్టి పోటీలో కంచెలు దాటు పరుగునందు రౌతు పడినచో నతడు పోటీనుండి తొలగవలసినదే. పడిన వెంటనే మరల నెక్కవలెనను మాట చిన్న బెదురునకు మందు కావచ్చును గాని, విరిగిన యెముకకు మందు కాదు.

ఇంతకంటె మేలైన కథ డెన్మార్కు వనిత లిస్ హార్టెల్‌ది. 1944లో, 23 ఏండ్ల ప్రాయమున, గర్భవతిగా నున్నప్పుడు ఆమెకు పోలియో సోకినది. బిడ్డ క్షేమముగా జన్మించెను గాని తల్లికి మోకాళ్ల దిగువ చలనము శాశ్వతముగా పోయినది, చేతులును బలహీనపడినవి. 1947 నాటి కామె మరల పోటీలో నిలిచి స్కాండినేవియా దేశములవారిలో ద్వితీయస్థానము పొందెను. గుఱ్ఱమును సొగసుగా నడపు పోటీలలో స్త్రీలకు ఒలింపిక్కుల తలుపు తెరచినది 1952లో. ఆ సంవత్సరమే హెల్సింకిలో ఆమె పురుషులతో సమానముగా పోటీచేసి రజతపతకము గొనెను. 1956లో స్టాక్‌హోముననుండి మఱియొకటి గొనెను. హెల్సింకిలో స్వర్ణము గెలిచిన స్వీడను దేశపు సాంసీర్ ఆమెను చేయిపట్టి వేదిక యెక్కించిన దృశ్యమునే లోకము చెప్పుకొనును.

మాకు మాత్రము ఆ వేదికకంటె దానికి ముందరి మూడేండ్లు ముఖ్యము. చేయి యెత్తుట, ప్రాకుట, కఱ్ఱలమీద నడచుట — ఇవి యన్నియు క్రమముగా నేర్చినవి. కాళ్లతో సంజ్ఞ చేయలేదు గనుక నడుము బరువుతోను, వెన్ను కదలికతోను చెప్పిన మాట గ్రహించునట్లు తన గుఱ్ఱము జూబిలీని దిద్దుకొనెను. ఎక్కుటకును దిగుటకును చివరివరకు నొకరి సాయము కావలెను. ఆ సాయము గొనుట కామె సిగ్గుపడలేదు. ఖడ్గతిక్కన యింట లేనిది యిదియే: సాయము చేయు చేయి, దానిని గొను మనస్సు.

ఆంగ్లదేశపు నిక్ స్కెల్టన్ 2000లో పడి మెడయెముక రెండుచోట్ల విరుగుటచే 2001లో స్వారి మానెను. యెముక యతికిన పిమ్మట వైద్యుల యనుమతితో మరల వచ్చెను. 2016లో, 58వ యేట, రియో నగరమున స్వర్ణపతకము గొనెను. ఇతడు మానుటను మనవారైనచో ఓటమి యందురు. మానుటయు మరల నారంభించుటయు ఒకే వివేకమునుండి పుట్టినవని మేమందుము.

అట్లయిన మరల నెక్కగోరువాడు చేయవలసిన దేమి? మొదటిది శరీరము. చేతి యెముకలు 6 మొదలు 8 వారములలోను, తొడయెముకవంటి పెద్దవి 12 వారములకు పైగాను అతుకుట సామాన్యము. నొప్పి పోయినంతమాత్రమున అతుకు గట్టిపడినదని తలపరాదు. ఎక్స్‌రే చూచిన వైద్యుడు చెప్పవలెను. మంచముపై నున్న కండలు కొలది దినములకే క్షీణించును గనుక జీనునకు ముందు వ్యాయామము. వెన్నునకును తలకును తగిలిన దెబ్బలలో నాటుకట్టును నమ్మి యూరకుండుట తగదు. దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగుగానున్నను లోపలి మెత్త నలిగియుండును, క్రొత్తది కొనవలెను.

రెండవది మనస్సు. ఇనుము విరిగిన నతుకవచ్చును గాని మనస్సు విరిగిన నతుకదని వేమన చెప్పినట్లు మన బిడ్డలకు పసితనముననే నేర్పుదురు. స్నేహభంగము విషయమున నది సత్యమే కావచ్చును. భయముచే విరిగిన మనస్సునకు వర్తింపదు. భయము మెల్లమెల్లగా అతుకును. మొదటి దినము గుఱ్ఱమును తోమి, మేత పెట్టి రావచ్చును. మఱునా డొకరు పగ్గము పట్టి నడిపింప కూర్చుండవచ్చును. నడక స్థిరపడిన పిమ్మట పరుగు. నెమ్మదియైన, వయస్సు వచ్చిన గుఱ్ఱము నెన్నుకొనవలెను. నేలనుగూడ చూడవలెను: మా నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు బారి గిట్టను పట్టును, వానలో జారును. పత్తిచేనిగట్టు పరీక్షాస్థలము కాదు.

మూడవది యిల్లు. ఇక్కడనే మా విమర్శకు ముఖ్యప్రయోజనము. మన యిండ్లు రెండు తప్పులు చేయుచున్నవి. కొడుకు పడినచో, ‘మగవాడవై యింత పిరికితనమా?’ యని వారము తిరుగకముందే తరుముదురు. కూతురు పడినచో, ‘ఇక నీకు స్వారి యేల? కాలికి వంక వచ్చిన పెండ్లి యెట్లు?’ అని జీవితాంతము కట్టివేయుదురు. మొదటిది విరిగిన పాలు వడ్డించుట. రెండవది మంచము నడ్డుపెట్టుట. రెండింటియందును పడినవారి నడిగినవారు లేరు. మరల నెక్కనని యెవరైన ఆలోచించి చెప్పినచో ఆ మాటయు గౌరవింపదగినదే. ఎక్కుట వారి హక్కు, ఎక్కకుండుటయు వారి హక్కు.

ఇట్టి మన్నన మనకు పరదేశపు విద్య కాదు. మా ప్రాంతమునకు చేరువనే, చినగంజాము చెంత, మోటుపల్లి యను ప్రాతరేవు కలదు. ఆ కాలమున మేలుజాతి గుఱ్ఱములు తెలుగుదేశమునకు ఓడలపైననే వచ్చెడివి. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియైన అవచి తిప్పయసెట్టి హురుముంజినుండి గుఱ్ఱములు తెప్పించెనని యా కావ్యపు టవతారిక చెప్పుచున్నది. ఓడ తుపానునకు విరిగి యొడ్డున పడినచో, పూర్వరాజు లందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని లాగుకొనెడివారు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన శాసనమున ఆ దుర్నయమును మాన్పి, నియతమైన సుంకముతప్ప మఱేమియు గైకొనమని సముద్రవర్తకుల కభయ మిచ్చెను. ప్రాణమునకు తెగించి కడలి దాటినవారిని దయ చూడవలెనని దాని తాత్పర్యము.

ఓడ విరిగినవానిని దోచుకొనక, మరల తెరచాప యెత్తుటకు మిగిల్చి పంపిన శాసనమది. మన గాథలలో దానికి పాట లేదు. ఉన్నచో ఖడ్గతిక్కన తల్లి పాలకు అది తగిన సమాధానమై యుండెడిది. పాట లేకున్నను ఆచరణ మన చేతిలోనిదే. చదువరులలో నెవరి యింటనైనను పడి లేచుచున్నవా రున్నచో వారి నెగతాళి చేయక, వారికి గోడ కట్టక, వైద్యుడు చెప్పినదేమో, వారు కోరినదేమో మొదట నడుగుడు. మరల నెక్కదలచిన నాడు పగ్గము పట్టుటకు మీలో నొకరు ప్రక్కన నుండుడు.