బాలుర ప్రశ్నలు, సమాధాన వాఙ్మయము: ఏడు చేపల కథ ఒక కొలబద్ద

ప్రకృతిని గూర్చి బాలురు వేయు ప్రశ్నలకు బదులు చెప్పుట సులభమని పెక్కురు తలంతురు. విషయము తెలిసిన చాలునని వారి నమ్మకము. కాని సమాధానము విషయము మాత్రమే కాదు. అదియు నొక రచన. కావ్యమునకు వలెనే దానికిని గుణదోషములు కలవు. వానిని నిర్ణయించుటకు దగిన కొలబద్ద యొకటి మన జానపద వాఙ్మయమున, ఏడు చేపల కథలో, కలదని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము.

కథ సుపరిచితము. రాజకుమారు లేడుగురు వేటాడి తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండదు. కారణ మడుగగా చేప గడ్డిమేటు అడ్డమైనదనును; గడ్డిమేటు ఆవు మేయలేదనును; ఆవు కాపరి మేపలేదనును; కాపరి అవ్వ అన్నము పెట్టలేదనును; అవ్వ పిల్లవాడు ఏడ్చెననును; పిల్లవాడు చీమ కుట్టెననును. తన పుట్టలో వేలు పెట్టిన వానిని ఊరక విడుతునా యని చీమ ఎదురడుగును. పాఠభేదములు కొన్ని యున్నను కథనక్రమ మిదియే.

ఇందు మూడు విశేషములు గమనింపదగినవి. మొదటిది, ప్రతి సమాధానమును మఱియొక దానిని చూపును; అడుగువాడు అచ్చటికి పోయి మరల అడుగవచ్చును. రెండవది, ఏ సమాధానమునందును బాలుడెఱుగని పదము లేదు. మూడవది, తుది సమాధానము స్వయముగా ప్రశ్నయే. అంతకంటె రమ్యమైన దొకటి కలదు. చేప యెండకపోవుటకు మూలము పుట్టలో వేలు పెట్టిన పిల్లవాడు. ఆ వేలిని నడపినది పుట్టలో ఏమున్నదో తెలిసికొనగోరిన కుతూహలమే యని మేము భావింతుము. ప్రశ్నను పుట్టించినదియు, ప్రశ్నల చివర దొరకినదియు ఆ కుతూహలమే.

అయినను కథకు పరిమితి లేకపోలేదు. నీడలో చేప యెండకుండుట, చీమ కుట్టిన పిల్లవాడు ఏడ్చుట ప్రకృతి ధర్మములు. నడుమనున్నవి చాలవఱకు చేయవలసిన పని చేయకపోవుటలు. కనుక కథ అడుగునది తప్పెవరిదని గాని, హేతువేమని కాదని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము న్యాయమే. మేము కథనుండి గ్రహించునది కారణముల స్వభావము కాదు, సమాధానముల కూర్పు.

ప్రశ్న స్వరూపమును గూడ ఎఱుగవలెను. బాలుడు ‘ఎందుకు’ అనును. ఈ మాటలో హేతువును ప్రయోజనమును కలిసియున్నవి. శాస్త్రజ్ఞుడు ‘ఎందువలన’ అని పంచమిలో అడుగును. జీన్ పియాజే 1923లో ప్రకటించిన గ్రంథమున ఒక ఆఱేండ్ల బాలుని 1,125 ప్రశ్నలను పరిశీలించి, ఆ వయస్సున ఈ రెండర్థములును స్పష్టముగా విడివడి యుండవని చూపెను. వాన ఎందుకు కురియునని యడుగగా పంటలు పండుటకని బదులు చెప్పువారు ప్రయోజనము చెప్పి హేతువును విడిచినవా రగుచున్నారు.

దీనికంటె విద్యావంతుల దోషము సూక్ష్మమైనది. ఆకు ఎందుకు పచ్చగా నున్నదని మా యింటి బాలిక యొకనాడు మమ్మడిగినది. పత్రహరిత ముండుటచేత నంటిమి. బాలిక మాటాడక వెడలిపోయినది. తృప్తి చెందినదని సంతసించితిమి. పిదప ఆ సమాసమును విడదీసి చూచుకొని సిగ్గుపడితిమి. పత్రహరిత మనగా ఆకునందలి పచ్చదనమే గదా! ఆకు పచ్చగా నుండుటకు ఆకుపచ్చదనమే కారణమని చెప్పినట్లయినది. పారిభాషిక పదము శాస్త్రమునకు అవసరమే. కాని పేరు పెట్టుట హేతువు చెప్పుట కాదు. ఇట్టి సమాధానము ప్రశ్నను తీర్పదు, అణచును.

అదే ప్రశ్నకు మఱియొక విధముగా బదులు చెప్పవచ్చును. ఎండలో అనేక వర్ణములు కలవు. ఆకు తన ఆహారమును వండుకొనుటకు వానిలో ఎఱుపును నీలమును ఎక్కువగా తీసికొనును. పచ్చని వెలుగులో కొంత తిరిగి మన కంటికి వచ్చును. మఱి ఎండ తగులని గడ్డి ఎట్లుండును? కొన్ని దినములు గడ్డిపై బోర్లించిన కుండ నెత్తి చూచిన, అది పాలిపోయి కనిపించును. ఇచ్చట సమాధానము బాలుని చేప కడనుండి గడ్డిమేటు కడకు పంపినట్లు పంపుచున్నది. పత్రహరిత మను పేరు తరువాత వచ్చిన, అప్పటికది సార్థకమగును.

ఈ గుణము బాలసాహిత్యమునకే పరిమితము కాదు. ఆకాశపు నీలిమకు గాలియందలి సూక్ష్మకణములు నీలకాంతిని అధికముగా వెదజల్లుటయే హేతువని రేలీ 1871లో వివరించెను. సముద్రపు నీలిమ ఆ ఆకాశపు ప్రతిబింబమే యని ఆయన మతము. విశాఖపట్టణమున బాల్యము గడపిన చంద్రశేఖర వేంకట రామన్ 1921లో ఐరోపా ప్రయాణమున మధ్యధరా సముద్రమును చూచి ఆ సమాధానముతో ఊరకుండలేదు. నికల్ పట్టకముతో ప్రతిబింబకాంతిని తొలగించి చూడగా నీలిమ పోలేదు. నీటి అణువులే కాంతిని వెదజల్లుచున్నవని నిర్ణయించెను. ఆ విచారణయే పెరిగి 1928 ఫిబ్రవరి 28న ఆయన పేరిటి ఫలితమునకును, 1930లో నోబెల్ బహుమానమునకును దారితీసినది. ఆయన సమాధానమును తుదిది కాదు. నీరు ఎఱ్ఱని కాంతిని అధికముగా గ్రహించుట ఆ నీలిమకు ముఖ్యహేతువని నేడు తెలిసినది. సముద్రము నీలముగా ఏల నున్నదనునది ఏ బాలుడైనను అడుగదగిన ప్రశ్న. దానికి బదులు దొరకిన దనుకొన్న చోట మరల అడిగినవాడు శాస్త్రజ్ఞుడైనాడు.

కావున బాలురకు శాస్త్రవిషయములు చెప్పు గ్రంథములను పరీక్షించునపుడు విషయము సత్యమా యని మాత్రమే చూచిన చాలదు. సమాధానమున హేతువున్నదా, పేరు మాత్రమే యున్నదా? అడిగిన వానికి పోయి చూచుటకొక చోటు చూపినదా? మరల అడుగుట కవకాశ మిచ్చినదా? జానపద కథల పాఠభేదములను సేకరించు పరిశోధక విద్యార్థులు ఈ మూడు ప్రశ్నలతో మన బాలవిజ్ఞాన గ్రంథములను గూడ చదువుదురు గాక. ఉపాధ్యాయులమైన మనము మొదట మన తరగతి గదులలోని సమాధానములను ఈ కొలబద్దతో కొలుచుకొనుట యుక్తము. బదులు విని బాలుడు మౌనము వహించినప్పుడు అది తృప్తియో నిరాశయో గుర్తింపగలుగుట మన విద్యలో భాగమే.