తులసిదళం, రైహాన్ పొద: ఒమన్ నవలలో కలగలిసిన కోవలు

ఒమన్ రచయిత్రి జోఖా అల్-హార్థీ 2010లో ప్రకటించిన ‘సయ్యిదాత్ అల్-ఖమర్’ నవలలో ఒక చావు ఉంది, ఆ చావు పక్కన ఒక మొక్క ఉంది. అబ్దల్లా పసిబిడ్డగా ఉండగానే అతని తల్లి మరణిస్తుంది. ఆమె ఇంటి ఆవరణలోని రైహాన్ పొదను పెరికివేసిందని, దానితో జిన్నుల ఆగ్రహానికి గురైందని ఊరు చెప్పుకొంటుంది. రైహాన్ తెలుగువారికి పరాయి మొక్క కాదు. రుద్రజడ అన్నా, భూతులసి అన్నా అదే. ఎండాకాలం షర్బత్తులో వేసుకునే సబ్జా గింజలు దానివే. వృక్షశాస్త్రజ్ఞులు దాన్నీ, పూజించే తులసినీ ఒకే ప్రజాతిలో చేర్చారు.

తెలుగులో అత్యంత ప్రజాదరణనూ, అంతే తీవ్రమైన నిందనూ మూటగట్టుకున్న భయానక నవల పేరు కూడా ఆ మొక్కదే కావడం యాదృచ్ఛికం. కానీ యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ను, అల్-హార్థీ నవలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే తేలే విషయం యాదృచ్ఛికం కాదు. రెండింటిలోనూ ఉన్న సరుకు దాదాపు ఒకటే: డబ్బున్న ఇల్లు, అతీతశక్తి మీద నమ్మకం, నిస్సహాయుల మీద దాడి, అనుమానాస్పదమైన మనుషులు. ఒకటి ‘క్షుద్ర సాహిత్యం’ అన్న పేరుతో మిగిలింది. మరొకటి మెరిలిన్ బూత్ ఇంగ్లీషు అనువాదంలో ‘సెలెస్టియల్ బాడీస్’గా 2019లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి పొందింది. అరబిక్ మూలం నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం అదే. ఈ తేడాను ప్రతిభలోని తేడాగా తీసి పక్కన పెట్టడం తేలిక. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: భయానికి, ప్రేమకు, అపరాధ పరిశోధనకు వేరువేరు అరలు ఎవరు చేశారు, ఎందుకు చేశారు?

తెలుగులో ఆ అరలను చేసినవారు విమర్శకులు కారు, వారపత్రికలు, జేబు పుస్తకాల ప్రచురణకర్తలు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను కొన్న పాఠకుడు తనకేం దొరుకుతుందో తెలిసే కొన్నాడు. ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ కోసం ఎదురుచూసిన పాఠకురాలికీ అంతే. మధుబాబు షాడో పుస్తకం చేతిలోకి తీసుకున్న కుర్రవాడికీ అంతే. కోవ అంటే పాఠకుడికి ప్రచురణకర్త చేసే వాగ్దానం. డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరకాలి, ప్రేమ నవలలో జంట కలవాలి, భయానక నవలలో నిద్ర పట్టకూడదు. ధారావాహికకు మరో నిబంధన కూడా ఉంది: వారం తిరిగేసరికి పాఠకుడు మళ్ళీ అంగడి దగ్గర నిలబడాలి. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ‘తులసిదళం’ వస్తున్న రోజుల్లో జరిగింది ఇదే.

అరబిక్ ప్రపంచంలో ఈ పని కైరో చేసింది. ఇద్దరు ఈజిప్టు రచయితలు, ఇద్దరూ వైద్యవిద్య చదివినవారే, రెండు తరాల అరబ్ కుర్రకారుకు జేబు పుస్తకాల అలవాటు చేశారు. నబీల్ ఫారూఖ్ 1984లో మొదలుపెట్టిన ‘రజుల్ అల్-ముస్తహీల్’ గూఢచారి సాహసాల వరుస. తెలుగులో చెప్పాలంటే ‘అసాధ్యుడు’. దాని నాయకుడు అద్హమ్ సబ్రీ మన షాడోకు వరసకు అన్నదమ్ముడు. అహ్మద్ ఖాలిద్ తౌఫీక్ 1993లో ప్రారంభించిన ‘మా వరా అల్-తబీఅ’లో కథానాయకుడు రిఫాత్ ఇస్మాయిల్ రక్తవ్యాధుల వైద్యుడు, ముసలి బ్రహ్మచారి, దేన్నీ నమ్మని మనిషి. ఆయన నమ్మనివన్నీ ఆయనకే ఎదురవుతుంటాయి. వైద్యుణ్ణి దయ్యం ముందు నిలబెట్టడం భయానక కోవకు ఎంత ఇష్టమైన ఎత్తుగడో ‘తులసిదళం’ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. నాడి పట్టుకునే చెయ్యి వణికితేనే చదివేవాడి చెయ్యీ వణుకుతుంది. 2018లో తౌఫీక్ మరణించినప్పుడు అరబ్ దేశాలలో ఎందరో యువకులు దుఃఖించారు. ఆయన పుస్తకాలు గల్ఫ్ అంతటా అంతగా తిరిగాయి.

ఒమన్ ఈ పుస్తకాలను చదివిన దేశమే తప్ప, తయారుచేసిన దేశం కాదు. దానికి కారణం చరిత్రలో ఉంది. సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కిన 1970 నాటికి ఆ దేశం మొత్తంలో ఆధునిక పాఠశాలలు మూడు, అవీ మగపిల్లలకే. వారపత్రికను నిలబెట్టే పాఠకసమూహం పుట్టడానికి అక్కడ వ్యవధే లేదు. తొలి ఒమనీ నవలాకారుడిగా పేరున్న అబ్దుల్లా అల్-తాయీ ప్రవాసంలో ఉండి రాసినవాడు. ఒమనీ స్త్రీ రాసిన తొలి నవలగా చెప్పే బద్రియ్యా అల్-షిహ్హీ రచన 1999లో గానీ రాలేదు. అమ్మమ్మలు చెప్పే జిన్ను కథల నుంచి ఒమన్ నేరుగా విశ్వవిద్యాలయంలో చదివిన నవలాకారుల దగ్గరకు వచ్చింది. తెలుగు నవల ఎనభై తొంభై ఏళ్ళు నడిచిన దారిలోని మజిలీలు, అంటే రైలుబండి నవల, అద్దె పుస్తకాల దుకాణం, ధారావాహిక, ఇవేవీ అక్కడ లేవు. అందుచేత ఒమనీ నవలలో భయం, ప్రేమ, హత్య, వంశచరిత్ర ఇంకా విడిపోకుండానే ఉన్నాయి. ఇది లోటుగానూ కనిపిస్తుంది, అదృష్టంగానూ కనిపిస్తుంది.

మళ్ళీ రైహాన్ పొద దగ్గరకు రావాలి.

‘తులసిదళం’లో తులసి ఒక పాప పేరు. ఆమె పేర రాబోయే ఆస్తి మీద కన్నేసినవారు ఆమెపై క్షుద్రప్రయోగం చేయిస్తారు. ఒకవైపు వైద్యమూ హిప్నాటిజమూ, మరొకవైపు మంత్రానికి ప్రతిమంత్రమూ సమాంతరంగా పరుగెత్తుతాయి. పాపను ఏది కాపాడిందన్నది పాఠకుడికే వదిలేస్తాడు రచయిత. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే రాసి ఈ పద్ధతి మీద విరుచుకుపడ్డారు. మూఢనమ్మకానికీ శాస్త్రానికీ సమానమైన పీట వేయడం మీద అభ్యంతరం సబబైనదే. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ నవలలో నేరానికి మూలం డబ్బని యండమూరి దాచలేదు. స్పష్టంగానే చెప్పాడు. కాని కథ నడిచేకొద్దీ డబ్బు సంగతి వెనక్కిపోయి, మంత్రం ముందుకొస్తుంది. దురాశ కన్నా కాష్మోరాయే పాఠకుడికి గుర్తుంటుంది. కోవ చేసిన వాగ్దానం అది: భయపెట్టాలి, కాబట్టి మంత్రం పనిచెయ్యాలి. ఇక్కడ మంత్రం హత్యాయుధం.

అల్-హార్థీ నవలలో మంత్రం హత్య జరిగాక చెప్పే సాకు. అబ్దల్లా తల్లి మరణం వెనుక ఇంటివారి చెయ్యి ఉందన్న సూచనలు పుస్తకంలో అక్కడక్కడా, ఎవరో నోరుజారినట్టుగా పడి ఉంటాయి. రచయిత్రి వాటిని ఎక్కడా పోగుచేసి చూపదు. పరిశోధకుడు రాడు, ఒప్పుకోలు ఉండదు. పెద్దవాడై, వ్యాపారస్థుడై, విమానంలో కూర్చుని గతాన్ని నెమరువేసుకునే అబ్దల్లా కూడా ఆ ప్రశ్నను చివరిదాకా పట్టుకుని నడవలేడు. చిన్నప్పుడు తండ్రి తాళ్ళతో కట్టి బావిలోకి తలకిందులుగా దింపిన జ్ఞాపకమే అతణ్ణి వదలదు. ఊరికి మాత్రం జిన్ను చాలు. మరణ ధ్రువపత్రంలో కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. ఆ గ్రామంలో ఆ గడిని పూరించింది రైహాన్ పొద. బాలింత చావుకు జ్వరం కారణమా, విషం కారణమా అని ఎవరూ అడగకుండా చూసింది. ఎవరికి లాభం అన్న ప్రశ్నను డిటెక్టివ్ నవల హంతకుణ్ణి పట్టుకోవడానికి అడుగుతుంది. ఈ నవల అదే ప్రశ్నను నమ్మకాన్ని అడుగుతుంది: ఈ కథను ఊరు నమ్మడం వల్ల ఎవరికి లాభం?

ఈ ప్రశ్నకు జవాబు జరీఫా పాత్రలో ఉంది. అబ్దల్లాను పెంచిన ఆ బానిస స్త్రీ నవల అంతటికీ బరువైన పాత్ర. ఆమె 1926 సెప్టెంబరు 25న పుట్టిందని రచయిత్రి లెక్కగా చెబుతుంది. జెనీవాలో బానిసత్వ నిషేధ ఒప్పందం మీద సంతకాలైన రోజు అది. ఒమన్‌లో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1970లో. ఆ రెండు తేదీల మధ్య జరీఫా బతుకు గడిచింది. ఖర్జూరం వ్యాపారం చాటున మనుషుల వ్యాపారం చేసిన సులేమాన్ ఇంట్లో ఆమె సేవకురాలు, అతని పడకకు తోడు, అతని కొడుక్కి తల్లి. ఇంతటి మనిషి జిన్నులను నమ్ముతుంది, పూనకపు తంతులకు వెళుతుంది, బాలింతలకు కీడు రాకుండా జిన్ను స్త్రీకి అన్నం పళ్ళెం పెట్టివస్తుంది. అల్-హార్థీ ఆమె నమ్మకాన్ని ఎక్కడా వెక్కిరించదు. యజమానికి జిన్ను సాకు. బానిసకు అదే జిన్ను, మాట్లాడి ఒప్పించగలిగిన ఒకే ఒక శక్తి. ఒకే నమ్మకం ఇద్దరి చేతుల్లో రెండు పనులు చేయడం చూపించాలంటే మంత్రం ‘పనిచేసిందా లేదా’ అన్న ఉత్కంఠను వదులుకోక తప్పదు. భయానక కోవ వదులుకోలేనిది సరిగ్గా అదే.

ప్రేమకథ విషయంలోనూ ఇంతే. నవల మొదట్లో మయ్యా కుట్టుమిషను ముందు కూర్చుని, విదేశంలో చదివి వచ్చిన ఒక యువకుణ్ణి మౌనంగా ఆరాధిస్తుంది. యద్దనపూడి పాఠకురాలికి ఈ దృశ్యం సొంత ఇంటి గుమ్మంలా తోస్తుంది. అయితే ‘సెక్రటరీ’ జయంతికి రాజశేఖరం దక్కుతాడు, మయ్యాకు సులేమాన్ కొడుకు అబ్దల్లా దక్కుతాడు. ఆమె కోరింది ఒకసారి చూడటమే. ఆ ఒక్కటీ కూడా పెళ్ళి చర్చల చప్పుడులో మునిగిపోతుంది. పుట్టిన కూతురికి ఆమె ‘లండన్’ అని పేరు పెడుతుంది. ఊరంతా నివ్వెరపోతుంది, భర్తకూ అర్థం కాదు, పాఠకుడికి మాత్రం తెలుస్తుంది. మూడు వందల పేజీల ప్రేమ నవల చెప్పేదాన్ని ఒక్క పేరుతో చెప్పింది రచయిత్రి. ఆ లండన్ పెద్దదై డాక్టరవుతుంది, తన ప్రేమలో తానూ దెబ్బతింటుంది.

ఇది అల్-హార్థీ ఒక్కతె పద్ధతి కాదు. 2023లో అరబిక్ నవలల అంతర్జాతీయ బహుమతి పొందిన జహ్రాన్ అల్-ఖాస్మీ ‘తగ్రీబత్ అల్-ఖాఫిర్’లో, బావిలో మునిగి చనిపోయిన గర్భిణి కడుపు నుంచి ప్రాణంతో బయటపడిన బిడ్డ, నేల అడుగున నీళ్ళ శబ్దం వినగలవాడవుతాడు. అద్భుతకథ కావలసిన వస్తువు కరవు కథ అయింది. ఫలజ్ కాలువల మీద బతికే కొండ ఊళ్ళలో నీరు వినగలగడం మాయ కాదు, జీవనోపాధి. బోరు వేసే ముందు కొబ్బరికాయో వేపపుల్లో పట్టుకున్న మనిషి వెంట పొలమంతా తిరిగిన రాయలసీమ రైతుకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కాన్సరు వైద్యుడు అబ్దుల్‌అజీజ్ అల్-ఫార్సీ రాసిన నవల 2013లో ‘ఎర్త్ వీప్స్, శాటర్న్ లాఫ్స్’గా ఇంగ్లీషులోకి వచ్చింది. అందులో పల్లెటూరి రాజకీయమూ, హాస్యమూ, శనిగ్రహంతో మాటామంతీ ఒకే సంచిలో ఉంటాయి. బుష్రా ఖల్ఫాన్ ‘దిల్షాద్’ పాత మస్కట్ బలూచీ వాడల ఆకలిని చెబుతుంది.

ఇంత చెప్పాక ఒమనీ పద్ధతికి ఖరీదు లేదనుకోవడం పొరపాటు. ‘సెలెస్టియల్ బాడీస్’ను సగంలో వదిలేసిన పాఠకులు తక్కువమంది కారు. ఆ పుస్తకం మొదటి పేజీల్లోనే వంశవృక్షం అచ్చువేయవలసి వచ్చింది. అధ్యాయం మారితే కాలం మారుతుంది, గొంతు మారుతుంది. అజ్జాన్‌తో ప్రేమలో పడ్డ ఎడారి స్త్రీ నజియ్యా కథ ఎంత ఆకట్టుకుంటుందో అంత అర్ధాంతరంగా చేజారిపోతుంది. అక్కడ రచయిత్రి సంయమనం కొంత బద్ధకంలా కూడా కనిపిస్తుంది. కొమ్మూరి అయితే ఆ ముడిని విప్పకుండా పాఠకుణ్ణి ఇంటికి పంపేవాడు కాదు. అరకొర చదువుతో ఉన్న లక్షలమందిని పుస్తకం దగ్గరకు తెచ్చింది ఆ నిజాయితీయే. ఈనాడు విదేశాల్లో అరబిక్ నవలను ఇంగ్లీషులో చదువుతున్న తెలుగు డాక్టరో ఇంజినీరో మొదట పేజీ తిప్పడం నేర్చుకున్నది యుగంధర్ దగ్గర, షాడో దగ్గర, బహుశా తలుపులు వేసుకుని చదివిన ‘తులసిదళం’ దగ్గరే. ఆ పుస్తకాల గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించవలసిన అవసరం లేదు.

తెలుగు విమర్శ చేసిన పొరపాటు వేరే ఉంది. అరలను ప్రచురణకర్తలు తమ వ్యాపారం కోసం చేసుకున్నారు, విమర్శకులు వాటిని సాహిత్య విలువలుగా ఒప్పేసుకున్నారు. మంచి నవలలో దయ్యం ఉండరాదని, దయ్యమున్న నవలలో సమాజం ఉండనక్కరలేదని రెండు వైపులా ఒప్పందం కుదిరింది. దాంతో క్షుద్రప్రయోగం నెపంతో కొట్టి చంపిన వార్తలు తెలుగు దినపత్రికల్లో వస్తూనే ఉన్నా, అటువంటి చావును ఏ అరలోని నవల రాయాలన్నది తేలకుండా పోయింది. భయానక నవలకు ఆ మంత్రగత్తె అనే ముద్ర నిజం కావాలి, వాస్తవిక నవలకు ఆ నమ్మకం అజ్ఞానమై ఊరుకోవాలి. ఆ ముద్ర పడిన ముసలామె ఎవరు, ఆమె పొలం గట్టు ఎవరి గట్టుకు ఆనుకుని ఉంది, చంపినవాడు రాత్రి నిజంగా భయపడ్డాడా లేక భయాన్ని అప్పు తెచ్చుకున్నాడా అన్న ప్రశ్నలకు ఆ రెంటిలోనూ చోటు ఇరుకు.

జరీఫా కొడుకు సంజర్ చివరకు ఊరు విడిచి కువైట్ వెళ్ళిపోతాడు. తల్లికి అది నచ్చదు. సులేమాన్ ఇల్లు తప్ప మరో లోకం ఆమెకు పట్టదు. స్వేచ్ఛ వచ్చిందన్న మాటను ఆమె ఎన్నడూ నమ్మలేదు, జిన్నులను మాత్రం నమ్మింది. ఆమె నమ్మకాలలో ఏది మూఢమో తేల్చే పనిని నవల ఎవరికీ అప్పగించలేదు.